పట్టాదారు కాలమ్‌లో రూట్ పేరు

నల్లగొండ క్లాక్‌టవర్ సెంటర్‌కు కూతవేటు దూరంలో ఒక పౌరుడు మూడు రోజుల పాటు సొంత ఇంట్లోకి అడుగుపెట్టలేకపోయాడు. తాళంచెవి ఆయన దగ్గరే ఉంది. తలుపు తెరుచుకుంటోంది కూడా. లోపలికి కాలు పెట్టగానే ఎవరో భుజం పట్టి తిప్పి, మళ్లీ అదే గుమ్మం ముందు నిలబెడుతున్నారు. ఇంత ఘోరం జరిగినా ఒక్క నాయకుడూ ఖండించలేదు, ఒక్క ధర్నా జరగలేదు. ఆ పౌరుణ్ణి నేనే కాబట్టి ఈ నాలుగు ముక్కలు నేనే రాయాల్సి వచ్చింది.

ఇల్లంటే నా కంప్యూటర్లోని ఖాతా. గుమ్మమంటే పేరు, పాస్‌వర్డ్ అడిగే తెర. కంప్యూటర్‌ను నడిపించేది లినక్స్. 1991లో ఫిన్లాండ్‌లో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి మొదలుపెట్టిన ఈ వ్యవస్థకు డబ్బు కట్టనక్కర్లేదు. పెన్షనరుగా నాకు దాని మీద మొదటి నుంచీ అపారమైన గౌరవం.

ఆ లినక్స్ ఒకరోజు కొత్త రూపానికి అప్‌గ్రేడ్ కావాలా అని అడిగింది. అప్‌గ్రేడ్ మన జిల్లా వాళ్లకు కొత్త కాదు. 2016 అక్టోబరు 11న పాత నల్లగొండ మూడు జిల్లాలైంది, పాత పాలమూరు కూడా ముక్కలైంది. నారాయణపేటలో ఉండే మా బావమరిది అప్పటికింకా మహబూబ్‌నగర్ జిల్లావాడే. 2019లో మంచం దిగకుండానే నారాయణపేట జిల్లావాడయ్యాడు. ఇంటి గోడ అంగుళం కదల్లేదు, అర్జీల మీద జిల్లా పేరు మారిందంతే. కంప్యూటర్లో కూడా ఇంతేనని నమ్మి, శనివారం రాత్రి ‘అవును’ నొక్కి పడుకున్నాను.

పొద్దున లేచి చూస్తే తెర కింద ఉండాల్సిన పట్టీ లేదు, అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. పాత సెట్టింగులు కొత్త వ్యవస్థతో పొసగడం లేదని నాకు నేనే తీర్పు చెప్పుకున్నాను. లినక్స్‌లో ఈ సెట్టింగుల ఫైళ్ల పేర్లకు ముందు ఒక చుక్క ఉంటుంది. పసిపిల్లల బుగ్గన పెట్టే దిష్టిచుక్క లాంటిదే. ఆ చుక్క ఉన్న ఫైలు మామూలుగా ఎవరి కంటా పడదు. కంటపడనివాటిని తుడిచేస్తే నష్టమేముందని మొత్తం తుడిచేశాను. గంటలో పశ్చాత్తాపం మొదలైంది. ముందుచూపుతో తీసి ఉంచిన బ్యాకప్‌ను వెనక్కి తేబోతే ‘అనుమతి లేదు’ అంది. నా వస్తువుకు నాకే అనుమతా! కోపంగా ఆదేశం ముందు ‘సుడో’ తగిలించాను. అన్నీ నోరు మూసుకుని వచ్చి కూర్చున్నాయి. మర్నాటి నుంచే ఈ గుమ్మం కథ.

మిర్యాలగూడలో ఉండే మేనల్లుడికి ఫోన్ చేశాను.

“మామయ్యా, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 కలిపి నొక్కండి.”

నొక్కితే నల్లటి తెర వచ్చింది. పేరు, పాస్‌వర్డ్ కొట్టాను. లోపలికి రానిచ్చింది! ముందు గుమ్మం దగ్గర మెడపట్టి గెంటిన ఇల్లు దొడ్డి గుమ్మంలోంచి పిలిచి పీట వేసింది. బొమ్మలు లేవు, మౌస్ లేదు, అయినా ఇల్లు ఇల్లే. డిస్కు నిండిపోయినా ఇలాగే గెంటేస్తుందట. చూశాం, అది కాదు.

“ఇప్పుడు కొత్త ఖాతా ఒకటి తెరవండి. అది సరిగా నడిస్తే వ్యవస్థలో లోపం లేనట్టు.”

“నడవకపోతే?”

“నడుస్తుందిలెండి. ముందు మీరేం చేశారో చెప్పండి.”

పెద్దల పట్ల ఈ తరం మర్యాద ఇలా ఉంది. కొత్త ఖాతాకు ‘అల్లుడు’ అని పేరు పెట్టాను. పెట్టిన వేళావిశేషమేమో, తెర తళతళలాడింది, స్వాగతం పలికింది, ఏ భాష కావాలని అడిగింది. ఏళ్ల తరబడి ఈ యంత్రానికి దుమ్ము దులిపినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి, నిన్న పుట్టిన అల్లుడికి ఇన్ని మర్యాదలు!

మేనల్లుడు చెప్పినట్టు దొడ్డి గుమ్మంలోంచి వెళ్లి ఫైళ్ల జాబితా వివరంగా తీయించాను. ప్రతి ఫైలు పక్కనా రెండు కాలమ్‌లు: యజమాని, గుంపు. పాత పహాణీలో, అంటే భూమి రికార్డులో, పట్టాదారు, అనుభవదారు అని ఉన్నట్టే. దిష్టిచుక్క ఫైళ్లన్నిటికీ రెండు కాలమ్‌లలోనూ ఒకటే పేరు: రూట్, రూట్.

తాతల నాటి చెలక సర్కారు పేరున ఎక్కిందని తెలిసిన రైతు ఎలా కూలబడతాడో అలా కూలబడ్డాను. ఎవరీ రూట్? మనుషుల పేర్లు మన కోసమే, లోపల యంత్రం చూసేది నంబరే. నాది 1000, అల్లుడిది 1001, రూట్‌ది సున్నా. సున్నాగారు వెళ్లలేని గది లేదు. ‘సుడో’ అంటే ఆ ఒక్క పనికి మనం ఆయన అవతారం ఎత్తడం. సున్నాగారి చేత్తో తెచ్చి పెట్టిన కొత్త ఫైళ్లు సున్నాగారి పేరునే పట్టా అవుతాయి. డెస్క్‌టాప్, అంటే బొమ్మల తెర, లేవగానే ఆ ఫైళ్లలో నాలుగు ముక్కలు రాసుకోవాలి. అది నా హోదాలో వచ్చి నా ఇంట్లో కలం పెట్టబోతే ‘ఇది నీది కాదు’ అన్నారు. అది తిరిగి గుమ్మం ముందుకొచ్చి పడింది. కబ్జాదారుడెవరో విచారణ జరిపించాలని నేను రాయబోయిన డిమాండును ఈ దశలో ఉపసంహరించుకున్నాను. వేలిముద్ర నాదే.

విరుగుడు ఒక్క వరుస. ‘చౌన్’ అనే ఆదేశం, మనవైపు మ్యుటేషన్ అంటామే, అదే. దాని పక్కన పెద్ద ‘ఆర్’ అక్షరం పెడితే ఇల్లు, ఇంట్లో గదులు, గదుల్లో పెట్టెలు అన్నీ నా పేరు మీదికి మారతాయి. దరఖాస్తు లేదు, సర్వేయరు లేడు, రేపు రమ్మనేవాడు లేడు. చాయ్ చల్లారేలోపు అయిపోయింది. ఒక్క అక్షరం దిద్దించుకోవడానికి చెప్పులరిగేలా తిరిగిన తరం వాణ్ణి, నమ్మలేక జాబితా మూడుసార్లు చూసుకున్నాను. ఇంటి దారి వదిలి మొత్తం వ్యవస్థ మీద ఇదే ఆదేశం కొట్టి ఉంటే యంత్రం లేచేది కాదట. ఆ సంగతి మేనల్లుడు పని పూర్తయ్యాకే చెప్పాడు, నా గుండె సంగతి తెలిసినవాడు.

ముందు గుమ్మంలోంచే వెళ్లాను. పట్టీ వచ్చింది. అక్షరాలు ఇంకా చీమల బారే.

“ఇక ఆ కొత్త ఖాతా తీసేయండి మామయ్యా” అన్నాడు మేనల్లుడు. తీయబోయేసరికి మా ఆవిడ వంటింట్లోంచి వచ్చింది. మూడు రోజులుగా ఆమె అందులోనే బతుకమ్మ పాటలు వింటోంది. అక్షరాలు పెద్దవిగా ఉన్నాయట.

“పండుగ దగ్గరికొచ్చింది. ఇప్పుడు అల్లుణ్ణి పంపిస్తే నలుగురూ ఏమనుకుంటారు?” అంది.