పాతదే ఉంచుకుందాం

పరాంకుశం: నేనంతా విన్నాను.

సుభద్ర: తలుపేసుకుని మాట్లాడాను కదండీ!

పరాంకుశం: అందుకే విన్నాను. తీసి ఉంటే పట్టించుకునేవాణ్ణా? "ఒకటికి పన్నెండు, అంతకి తగ్గదు" అన్నావా లేదా? నువ్వొకటంటే నేను పన్నెండంటానని ఫోన్లో చాటాలా?

సుభద్ర: అది యూనివర్సిటీ లైబ్రరీ ర్యాంపు వాలు. గుమ్మం 45 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. దానికి పన్నెండింతలు, అంటే 5.4 మీటర్ల పొడవుండాలి. తగ్గిస్తే వీల్‌చైర్ తోసుకునేవాళ్ళ చేతులు పడిపోతాయి. అయినా మీరు పన్నెండుతో ఆగిందెప్పుడు?

పరాంకుశం: మరి "నూట యాభై లేకపోతే ఇటునుంచి అటు తిరగడం కుదరదు" అన్నది? నా నడుము కొలతలు బయటివాళ్ళకెందుకు?

సుభద్ర: 150 సెంటీమీటర్లు. వీల్‌చైర్ వెనక్కి తిరగడానికి కావలసిన చోటు. మీ నడుము ఇంకా అంతదాకా రాలేదు లెండి.

పరాంకుశం: "పై అర అందదు, చిన్న అక్షరాలు కనపడవు, పిలిస్తే వినపడదు." ఇది నేను కాక ఇంకెవరు?

సుభద్ర: చదువుకోడానికొచ్చే పిల్లలు! అందుకే ఎక్కువ వాడే పుస్తకాలు 120 సెంటీమీటర్ల లోపే ఉంచమన్నాను. కౌంటర్ దగ్గర తీగచుట్ట అమరిస్తే, చెవి మిషన్‌లో 'T' అక్షరమున్న మీట నొక్కుకున్నవాళ్ళకి అక్కడి మాట నేరుగా చెవిలో పడుతుంది.

పరాంకుశం: అలాంటిది మనింట్లో పెట్టకు.

సుభద్ర: మీకు మిషనెందుకు? మూసిన తలుపు చాలు.

(ఇది రాస్తున్న నేను సుభద్రగారి పక్షం. ముందే చెప్పేస్తే గొడవుండదు.)

పరాంకుశం: "పడమటెండ తగిలి రంగు వెలిసింది, అంచులు పచ్చబడ్డాయి..."

సుభద్ర: పుస్తకాలండీ బాబూ! కిటికీల బయట నీడపలకలు పెడితే వెలుతురొస్తుంది, ఎండ రాదు. ఏసీ మీద భారమూ తగ్గుతుంది.

పరాంకుశం: సరే, ఆఖరిది. "పాతదే, కానీ గట్టిది. తీసేసి కొత్తది తెచ్చుకునేకన్నా ఉన్నదాన్నే బాగుచేసుకుందాం" అన్నావు. అక్కడ నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, తెలుసా?

సుభద్ర: అయ్యో రామ! అది పాత భవనం! ఆ సిమెంటూ ఇనుమూ తయారైనప్పుడు రావలసిన పొగ అప్పుడే వచ్చేసింది. కూలగొట్టి మళ్ళీ కడితే అంత పొగా మళ్ళీ మొదలు. గోడలుంచి, లోపల మార్చుకుంటే సరిపోతుంది.

పరాంకుశం: అంటే... అంతసేపు మాట్లాడి, నా ఊసే ఎత్తలేదా?

సుభద్ర: ఒక్కసారి ఎత్తాను.

పరాంకుశం: నిజంగా? ఎక్కడ?

సుభద్ర: గుంపుగా చర్చించుకునే గదికీ, నిశ్శబ్దంగా చదువుకునే గదికీ మధ్య గోడ దగ్గర. శబ్దం ఆగుతుందో లేదో ఎలా చూద్దామని ఇంజనీరు అడిగితే, "మావారిని తెస్తాను, అవతల నిలబెడదాం" అన్నాను.

పరాంకుశం: ఎప్పుడెళ్ళాలి?

సుభద్ర: రేపు పొద్దున్నే. మోకాలికి పట్టీ వేసుకోండి, ర్యాంపు ఇంకా కట్టలేదు. మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుందురుగాని. నోరు మాత్రం ఆ గదిలోకెళ్ళేదాకా తెరవకండి.