గ్యాప్ అఫిడవిట్ గారికి మీ టైపిస్టు రాసుకున్న అర్జీ

మహారాజశ్రీ గ్యాప్ అఫిడవిట్ గారి దివ్యసముఖానికి,

కడప నుంచి మీ టైపిస్టు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమానికి వచ్చిన లోటేమీ లేదని ఈ సీజన్ గిరాకీ చూస్తేనే తెలుస్తోంది.

మీరు నన్ను గుర్తుపట్టకపోవచ్చు గానీ, మిమ్మల్ని రోజూ పుట్టించేది నేనే. చదువులో ఏడాది ఖాళీ వచ్చినవాళ్ళు కాలేజీలో చేరాలంటే చూపించాల్సిన ప్రమాణపత్రం కదా మీరు. కోర్టు గోడ పక్కన జిరాక్స్, డీటీపీ షాపు నాది. కౌన్సెలింగ్ మొదలైతే చాలు, మా కంప్యూటర్లో మీకున్న డిమాండు పెళ్ళికార్డులకు కూడా ఉండదు. వంద రూపాయల స్టాంపు పేపరు, పాత ఫైలు, కొత్త పేరు, తండ్రి పేరు, డోర్ నంబరు. పది నిమిషాల్లో మీరు రెడీ. నోటరీ సారు కళ్ళజోడు తీయకుండానే ఎర్ర స్టిక్కరు అతికించి, గుండ్రటి సీలు గుద్ది, టీ చల్లారేలోగా సంతకం కూడా పెట్టేస్తారు.

మీలో నాకు బాగా నచ్చేది ఆ మూడో పేరా. 'సదరు విద్యాసంవత్సరంలో నేను ఏ కాలేజీలోనూ చదవలేదు, ఏ ఉద్యోగమూ చేయలేదు, ఎటువంటి చట్టవిరుద్ధ కార్యకలాపాల్లోనూ పాల్గొనలేదు.' పిల్లోడు ఏమేం చేయలేదో ఇన్ని రకాలుగా రాయించుకుంటారు. ఏం చేశాడో చెప్పుకోవడానికి మాత్రం 'కారణం' అని రాసి పక్కన నాలుగు చుక్కలు పెడతారు. ఆ నాలుగు చుక్కల్లో ఏం పట్టిస్తాం? 'అనారోగ్యం' అని కొడతాం. పొట్టి మాట, స్పెల్లింగు ఇబ్బంది లేదు, కాలేజీలో గుమాస్తా కూడా రెండో ప్రశ్న అడగడు. మా షాపులో పాత ఫైళ్ళు ఎవరైనా తెరిచి చూస్తే, కడప జిల్లా కుర్రోళ్ళంతా ఇంటర్ అవ్వగానే కట్టగట్టుకుని మంచం పట్టారని ఆరోగ్యశాఖ వాళ్ళు బ్లీచింగ్ పౌడర్ ఎత్తుకుని పరుగెత్తుకొస్తారు.

ఒక పిల్లోడు ఏడాదంతా వాళ్ళ నాయన టమోటా బండిలో మదనపల్లె మార్కెట్ నుంచి చెన్నై దాకా తిరిగినాడు. తమిళంలో బేరమాడతాడు, కన్నడంలో తిడతాడు, టైరు పంచరైతే ఒక్కడే మార్చేస్తాడు. మీ లెక్కలో వాడికి ఆ ఏడాదంతా కామెర్లు.

ఇంతకాలం ఇది ఊళ్ళోవాళ్ళ సంగతి. ఇప్పుడు మా ఇంటిదాకా వచ్చింది కాబట్టే ఈ అర్జీ.

మా పాప ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది. ఈఏపీసెట్‌లో చెప్పుకోదగ్గ ర్యాంకే వచ్చింది. వెబ్ ఆప్షన్లు పెట్టాల్సిన టైములో అన్నం ముందు కూర్చుని, 'నాయనా, ఒక ఏడాది ఆగి జర్మనీ పోయొస్తా, తర్వాత చేరతా' అనింది. నేను ముద్ద మింగే లోపలే ఉదాహరణలు కూడా అప్పజెప్పింది. ఒబామా పెద్దకూతురు మాలియా 2016లో స్కూలు చదువు ముగించి, ఏడాది ఆగి హార్వర్డ్‌లో చేరిందట. ఇంగ్లండు యువరాజు విలియం 2000లో స్కూలు అయిపోగానే దేశాలు తిరిగి, చిలీలో స్వచ్ఛంద సేవకు పోయి అక్కడ మరుగుదొడ్డి కూడా కడిగినాడట. ఆ ఫోటో ఫోన్లో చూపించింది. మొహం నిండా నవ్వు. రాణిగారి మనవడు పాకీపని చేస్తే ప్రపంచమంతా ఫోటోలు అచ్చేస్తుంది. మా వీధిలో అదే పని చేసేవాళ్ళను ఏ పేపరువాడూ ఇంతవరకు నవ్వమని అడగలేదు. అయినా ఇది వేరే అర్జీకి సంబంధించిన విషయం, వదిలేస్తాను.

సరే, దారులేమున్నాయో కనుక్కుందామని నెట్ ముందు కూర్చున్నా. ఏడాదిపాటు పని చేసుకుంటూ దేశం చూసేందుకు ఆస్ట్రేలియావాళ్ళు 2024 నుంచి మనవాళ్ళకూ వీసా ఇస్తున్నారు. ఏటా వెయ్యి మందికి, అదీ లాటరీ తీసి. లాటరీలో పేరు వచ్చినా, వీసా చేతికి రావాలంటే ఇంటర్ తర్వాత రెండేళ్ళ చదువు ఉండాలి. బ్రిటన్‌లో ఇట్లాంటిదే ఇంకొకటి 2023లో మొదలైంది, ఏటా మూడు వేల మందికి. దానికైతే ఏకంగా డిగ్రీ కావాలి. అంటే కాలేజీకి ముందు గ్యాప్ తీసుకోవాలన్నా ముందు కాలేజీ చదివి రావాలన్నమాట. సార్, మీ తమ్ముళ్ళు విదేశాల్లో కూడా బాగానే స్థిరపడినారు.

చివరికి మా పాపకు మిగిలింది జర్మనీ వాళ్ళ 'ఓ పెయిర్' ఒక్కటే. ఒక కుటుంబం ఇంట్లో ఉండి వాళ్ళ పిల్లల్ని చూసుకోవాలి, ఇంటిపనిలో చేయి వేయాలి. పద్దెనిమిది నిండాలి, ఇరవై ఏడు నిండకూడదు. జర్మన్ భాషలో ఏ-వన్ అనే మొదటి మెట్టు పరీక్ష పాసవ్వాలి. వారానికి ముప్పై గంటలకు మించి పని చెప్పకూడదు. తిండి, సొంత గది, ఇన్సూరెన్సు ఆ కుటుంబానివే. నెలకు 280 యూరోలు చేతిఖర్చు ఇస్తారు, మన డబ్బుల్లో పాతికవేల పైచిలుకు. భాష నేర్చుకునేందుకు ఇంకో 70. ఏడాది కాగానే వెనక్కి వచ్చేయాలి. దీన్ని వాళ్ళు సాంస్కృతిక మార్పిడి అంటారు.

ఈ ముక్క చదివేటప్పుడు మా ఇంటావిడ కొత్తిమీర గిల్లుతా వింటోంది. ఆమె కువైట్‌లో కొన్నేళ్ళు ఖద్దామా వీసా మీద, అంటే ఇంటిపని వీసా మీద, పనిచేసి వచ్చిన మనిషి. మా ప్రాంతంలో ఇది వార్తేమీ కాదు. రాజంపేట, రాయచోటి దిక్కు ఏ వీధికి పోయినా ఇంటికొకరు కువైట్‌లో ఉంటారు, లేకుంటే ఉండి వచ్చినవాళ్ళుంటారు. ఆమె చేసిన పనీ ఇదే. ఒక ఇంట్లో ఉండటం, వాళ్ళ పిల్లల్ని సాకటం, ఇల్లు తుడవటం. గంటల లెక్క మాత్రం ఉండేది కాదు. దాన్ని సాంస్కృతిక మార్పిడి అని ఎవరూ అనలేదు. ఏజెంటు దాన్ని 'కేసు' అన్నాడు. పదో తరగతి పాస్ కాలేదని పాస్‌పోర్టులో ఈసీఆర్ అని వేసినారు, అంటే పనికి దేశం దాటాలంటే సర్కారు అనుమతి కావాలని. ముప్పై ఏళ్ళు నిండని ఆడమనిషిని ఆ పాస్‌పోర్టు మీద ఇంటిపనికి పంపరంటే, నిండేదాకా ఆగి మరీ పోయింది.

'నేను చేసిన పనే కదా ఇది. దానికి భాష పరీక్ష కూడానా?' అనింది ముందు. కాసేపు కొత్తిమీర వైపే చూసి, 'ఏమబ్బా, గది ఇస్తారంటివి కదా. గడియ లోపలుంటుందా, బయటుంటుందా?' అని అడిగింది.

వెబ్‌సైట్లో దానికి జవాబు లేదు సార్. నేను వెతికినా.

ఇక బంధువుల సంగతి. ఈ మాట ఎట్లా పొక్కిందో గానీ, ప్రొద్దుటూరు నుంచి మా బావమరిది దిగినాడు. 'గ్యాప్ వస్తే క్యాంపస్ సెలక్షన్లలో కంపెనీలు తీసుకోవు బావా' అన్నాడు. చాలా కంపెనీలు ఏడాదో రెండేళ్ళో గ్యాప్ ఉన్నా సరేనంటాయని నేను చెప్పబోయినా. గ్యాప్ అన్న మాట దాటి ఆయన చెవులు ముందుకు పోలేదు. ఆయన కొడుకు నీట్ లాంగ్‌టర్మ్‌లో ఇది మూడో ఏడు. ఊరి చివర హాస్టలు, కిటికీలకు ఇనుప కడ్డీలు, ఆదివారం ఒక గంట ఫోను, పొద్దున నాలుగున్నరకు స్టడీ అవర్. నీట్‌కు పై వయసు హద్దు 2022లోనే ఎత్తేసినారు కాబట్టి ఇంకెన్నేళ్ళయినా ఉండొచ్చు. పిల్లోడికి ఎండ తగిలి చాలా కాలమైంది. కానీ వాడి చదువులో గ్యాప్ ఉందని ఈ భూమ్మీద ఎవరూ అనరు. రేపు వాడికి కూడా మిమ్మల్ని నేనే టైపు చేయాలి. ఆ నాలుగు చుక్కల్లో 'లాంగ్‌టర్మ్ కోచింగ్' అని కొడితే గుమాస్తా లేచి నిలబడి తీసుకుంటాడు. నిజంగా ఆరోగ్యం చెడింది వాడొక్కడికే, వాడి దాంట్లో మాత్రం ఆ మాట ఉండదు.

పాప మొండిది. తిరిగి నన్నే అడిగింది. 'సీపీ బ్రౌను 1820లో కడపకొచ్చినప్పుడు ఆయనకు ఇరవై రెండు కూడా నిండలేదు కదా నాయనా. మద్రాసులో మొదలుపెట్టిన తెలుగును ఇక్కడ బాగా నేర్చుకునె. వేమన పద్యాలు ఏరి 1829లో అచ్చేయించె. ఆయన్నెవరైనా గ్యాప్ ఎందుకొచ్చిందని అడిగినారా?' 'ఆయన కంపెనీ జీతం మీద వచ్చినాడు, కలెక్టరు కింద ఉద్యోగం' అని నేను కొట్టిపారేసినా. తర్వాత షాపులో కూర్చున్నాక అనుమానం పట్టుకుంది. బ్రౌనుకు జీతం ఉండె, సరే. మరి వేమనకు? ఏ ఊర్లో ఎప్పుడున్నాడో ఎవరూ తేల్చలేదు. ఆయన పేరు మీద మా ఊరికి విశ్వవిద్యాలయమే వచ్చింది. ఆ పెద్దమనిషే ఇప్పుడు ఎక్కడైనా సీటు కోసం లైన్లో నిలబడితే ఆరో తరగతి నుంచి స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. అవి దొరకవు. అప్పుడాయన నా దగ్గరికే రావాలి. నేను అనారోగ్యమనే కొట్టాలి.

నష్టాలు నాకు తెలియనివి కావు. ఈ ఏడాది ర్యాంకు ఈ ఏడాదికే. ఇంటర్ మార్కులకు ఇచ్చే 25 శాతం వెయిటేజి ఎటూ పోదు గానీ, మిగతా 75 కోసం వచ్చే ఏడాది మళ్ళీ పరీక్ష రాయాలి. జర్మనీ నుంచి వచ్చి కెమిస్ట్రీ తెరిస్తే ఎంత గుర్తుంటుందో దేవునికడప స్వామికే తెలియాలి. ఏ-వన్ పరీక్షకు చెన్నై పోవాలి. పాపకు పద్దెనిమిది నిండేది నవంబరులో, కాలేజీలు తెరిచేది అంతకుముందే. అంటే వీసా వస్తుందో రాదో తెలియక ముందే సీటు వదులుకోవాలి. ఇవన్నీ పాపకు చెప్పినా. తనకు ముందే తెలుసట. నోటుబుక్కులో రాసి పెట్టుకుంది, నాకంటే శుభ్రంగా.

జాగ్రత్త కోసం నోటరీ సారును కూడా సలహా అడిగినా. 'పంపిస్తే పంపించప్పా, తిరిగొచ్చినాక కారణం మాత్రం అనారోగ్యమనే కొట్టు. జర్మనీ గిర్మనీ అంటే వీసా చూపించు, టికెట్లు చూపించు అంటారు. రోగానికైతే ఎవరూ ఏమీ అడగరు' అన్నాడు. అనుభవం ఉన్న మనిషి.

ఈ మాట ఇంట్లో చెప్పినా. నా ఇంటావిడ సీరియల్ సౌండు తగ్గించి, 'పాపకు లేని రోగం రాస్తే బాగుండదు చెప్తున్నా. పోయేది పోకుండేది అది తేల్చుకుంటుంది. పోతే మాత్రం పోయిందనే రాయి' అనింది. మళ్ళీ ఏమనుకుందో, 'అట్లే నాకూ ఒకటి టైపు చెయ్. కువైట్‌లో ఉన్న ఏళ్ళకు. కారణం అనే చోట ఏం రాయాలో తెలియకపోతే దాని స్కూలు ఫీజు రసీదులు బీరువాలో ఉండాయి, అవి పిన్ను కొట్టు' అనింది.

ఆమె ఎక్కడా సీటు అడగడం లేదు, ఉద్యోగమూ అడగడం లేదు. అయినా కావాలంటోంది. నా దగ్గరున్న ఫార్మాట్‌లో 'ఏ ఉద్యోగమూ చేయలేదు' అన్న లైను ఉంది. అది తీసేయొచ్చా? రసీదులు చాలా ఉన్నాయి, అన్నీ పెట్టాలా, ఒరిజినల్సా జిరాక్సులా? ఎంత విలువ స్టాంపు పేపరు మీద కొట్టాలి? వెబ్ ఆప్షన్లు మూసేలోగా దయచేసి తెలియజేయగలరు.

ఇట్లు,
మీ విధేయుడు,
జిరాక్స్ షాపు టైపిస్టు,
కోర్టు గోడ పక్కన, కడప.