కౌంటీ మానసిక ఆరోగ్య సేవలను ‘ప్రైవేటుకు అమ్మేశారా’? నార్త్ కరోలైనాలో తిరిగే వాదనకు జవాబు

నార్త్ కరోలైనాలో ఏ కౌంటీ అయినా మానసిక ఆరోగ్య సేవల కోసం ఒక ప్రాంతీయ సంస్థను వదిలి ఇంకోదాంట్లో చేరబోతోందంటే చాలు, ఒక వాదన చుట్లు కొడుతుంది. “మన సేవలను ప్రైవేటు కంపెనీకి అప్పజెప్పేస్తున్నారు. మన పన్నుల డబ్బు పక్క కౌంటీలకు పోతుంది. పిల్లల థెరపీ, వెయిటింగ్ లిస్టులో స్థానం రెండూ పోతాయి. కౌంటీ సొంతంగా నడుపుకుంటే ఏ గొడవా ఉండేది కాదు. కమిషనర్లు (కౌంటీని నడిపే ఎన్నికైన సభ్యులు) ఒక్క ఓటుతో దీన్ని ఆపేయొచ్చు.” ఇందులో భయపడాల్సిన విషయాలు లేకపోలేదు. అవి మాత్రం ఇవి కావు.

“ప్రైవేటు కంపెనీ.” కాదు. రాష్ట్రంలోని 100 కౌంటీలు ఇప్పుడు నాలుగు సంస్థల కింద ఉన్నాయి: ట్రిలియం కింద 46, వాయా కింద 32, పార్ట్‌నర్స్ కింద 15, అలయన్స్ కింద 7. మనవాళ్లు ఎక్కువగా ఉండే వేక్, మెక్లెన్‌బర్గ్ కౌంటీలు అలయన్స్‌లో, యూనియన్, కబారస్ పార్ట్‌నర్స్‌లో ఉన్నాయి. ఎల్‌ఎంఈ/ఎంసీఓ అని పిలిచే ఈ సంస్థలు రాష్ట్ర చట్టం 122సి అధ్యాయం కింద పనిచేసే ప్రభుత్వ సంస్థలు. వాటాదారులూ లేరు, లాభాల పంపకమూ లేదు. మందుల బిల్లింగ్ లాంటి పనులు బయటి కంపెనీలకు ఇస్తాయి, అది వేరే సంగతి. అసలు ప్రైవేటు బీమా కంపెనీల చేతిలో ఉన్నవి 2021 జూలైలో మొదలైన మెడికెయిడ్ (తక్కువ ఆదాయం, వైకల్యం ఉన్నవాళ్ల ప్రభుత్వ ఆరోగ్య బీమా) స్టాండర్డ్ ప్లాన్లు. తీవ్ర మానసిక వ్యాధి, తీవ్రమైన మత్తు వ్యసనం, మేధో వైకల్యం, మెదడు గాయం ఉన్నవాళ్ల కోసం 2024 జూలై 1న మొదలైన టైలర్డ్ ప్లాన్లే ఈ నాలుగు సంస్థలవి.

ప్రభుత్వ సంస్థ కాబట్టి కళ్లు మూసుకుని నమ్మండి అనడం లేదు. ఒకప్పుడు ఇలాంటి ప్రాంతీయ సంస్థే అయిన కార్డినల్ ఇన్నోవేషన్స్ కూడా ప్రభుత్వ సంస్థే. దాని సీఈఓ జీతం ఏడాదికి 6 లక్షల డాలర్లు దాటింది. 2017లో రాష్ట్ర ఆడిటర్ దాని ఖర్చులను తప్పుపట్టాక బోర్డు ఆయన్ను సాగనంపింది. అలా పంపుతూ ఆయనకూ మరో ముగ్గురు అధికారులకూ కలిపి దాదాపు 38 లక్షల డాలర్లు ముట్టజెప్పింది. అదే ఏడాది నవంబరులో రాష్ట్ర ఆరోగ్య శాఖ దాన్ని తన చేతిలోకి తీసుకుంది. తర్వాత కౌంటీలు ఒక్కొక్కటిగా బయటికి నడిచాయి. యూనియన్, కబారస్, స్టాన్లీ పార్ట్‌నర్స్‌కూ, మెక్లెన్‌బర్గ్, ఆరెంజ్ అలయన్స్‌కూ వెళ్లాయి. అక్కడ గాడి తప్పింది బోర్డు పర్యవేక్షణ. అడగాల్సింది కూడా అదే: బోర్డులో మన కౌంటీకి ఎన్ని సీట్లు? వాటికి మనుషుల్ని ఎవరు నియమిస్తారు?

“సొంతంగా నడుపుకుంటే.” మెక్లెన్‌బర్గ్ ఆ ముచ్చటా తీర్చుకుంది. 2013లో మెక్‌లింక్ పేరుతో సొంత సంస్థ పెట్టి, ఏడాది దాటగానే 2014 వసంతంలో కార్డినల్‌లో కలిపేసింది. చిన్న కౌంటీలకైతే ఆ దారే లేదు, ఎందుకంటే ఒక్కో సంస్థ పరిధిలో కనీసం 5 లక్షల జనాభా ఉండాలని చట్టం. దీనికి కారణం డబ్బు లెక్క. రాష్ట్రం ఒక్కో సభ్యుడికి నెలకు ఇంత అని ముందే ఇచ్చేస్తుంది, ఖర్చు అంతకు మించితే సంస్థే భరించాలి. నెలల తరబడి రెసిడెన్షియల్ చికిత్సలో ఉండే పిల్లలు ఒకే ఏడాది నలుగురైదుగురు వస్తే చిన్న గుంపు బడ్జెట్ తలకిందులవుతుంది. 2023 నవంబరులో రాష్ట్రం శాండ్‌హిల్స్ అనే సంస్థను రద్దు చేసి, ఈస్ట్‌పాయింట్ అనే మరోదాన్ని ట్రిలియంతో కలపాలని ఆదేశించింది. అప్పటిదాకా ఆరున్న సంస్థలు 2024 ఫిబ్రవరికి నాలుగయ్యాయి. ఇప్పుడు కౌంటీ ముందున్నది నాలుగింటిలో ఏది, ఏ షరతుల మీద అన్న ప్రశ్నే.

“ఒక్క ఓటుతో.” కమిషనర్ల ఓటు మొదటి మెట్టు మాత్రమే. మారడానికి రాష్ట్ర ఆరోగ్య శాఖ సెక్రటరీ ఆమోదం తప్పనిసరి. సేవలకు అంతరాయం రాకూడదు. నెలవారీ రేట్ల ఖరారుకు అడ్డుపడని సమయం చూసుకోవాలి. మిగతా కౌంటీలకు, ఆరోగ్య శాఖకు, శాసనసభకు ముందుగా నోటీసు ఇవ్వాలి. కౌంటీలో పాత సంస్థకున్న భవనాలు, స్థలాలు ఎవరికో తేల్చాలి.

“మన పన్నుల డబ్బు.” డబ్బు నాలుగు దారుల్లో వస్తుంది: మెడికెయిడ్, బీమా లేనివారికి రాష్ట్రం ఇచ్చేది, ఫెడరల్ బ్లాక్ గ్రాంట్ (కేంద్రం రాష్ట్రానికి గుత్తగా ఇచ్చే నిధి), కౌంటీ కేటాయింపు. మీ ఆస్తి పన్ను ఉండేది చివరిదాంట్లోనే. రాష్ట్ర నిధులు వస్తున్నాయనో, సంస్థ దగ్గర మిగులు ఉందనో కౌంటీ తన కేటాయింపు తగ్గించుకోకూడదని చట్టం ఉంది. ఆ డబ్బు మన కౌంటీవాళ్లకే ఖర్చవ్వాలంటే ఒప్పందంలో మూడు వాక్యాలు ఉండాలి: ఏ సేవకు ఎంత, మూడు నెలలకోసారి లెక్క, మిగిలింది ఎటు పోతుంది. కమిషనర్ల సమావేశం ఎజెండాకు ఒప్పందం ప్రతి జతచేసి ఉంటే ఈ మూడూ ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే గట్టిగా అడగండి.

“థెరపీ పోతుంది, లిస్టులో స్థానం పోతుంది.” మన కుటుంబాలను ఎక్కువగా బెదరగొట్టే మాట ఇదే. మేధో వైకల్యం ఉన్నవాళ్లకు ఇంటి దగ్గరే సేవలందించే మెడికెయిడ్ పథకం ఇన్నోవేషన్స్ వేవర్. దీనికి తల్లిదండ్రుల ఆదాయం లెక్కలోకి రాదు, పిల్లల ఆదాయమే చూస్తారు. అందుకే అమెరికాలో పుట్టిన బిడ్డకు మేధో వైకల్యం ఉంటే, అమ్మానాన్నలు హెచ్-1బీ మీద మంచి జీతాలతో ఉన్నా దరఖాస్తు చేసుకోవచ్చు. ఏళ్లు పట్టే వెయిటింగ్ లిస్టు అది, కాబట్టి ఆందోళన సహజం. కానీ వేవర్ స్లాటు మనిషితో పాటే కదులుతుంది. సంస్థ మారిందని ఎవరినీ లిస్టు అడుగుకు నెట్టరు.

అసలు చిక్కులు మారే తేదీ చుట్టూ వస్తాయి. ఆ తేదీకి ముందు అందిన సేవ బిల్లు పాత సంస్థకు, తర్వాతిది కొత్తదానికి వెళ్లాలి. థెరపిస్టు ఆఫీసు ఇది మరిచిపోతే క్లెయిము తిరిగొస్తుంది. మీ థెరపిస్టుకు రాష్ట్ర మెడికెయిడ్‌లో నమోదు ఉన్నంత మాత్రాన సరిపోదు, కొత్త సంస్థతో విడిగా ఒప్పందం ఉండాలి. సేవలకు పాత సంస్థ ఇచ్చిన ఆమోదాలు ఫైళ్లుగా కొత్త సంస్థకు వెళ్తాయి. వాటిలో గంటల సంఖ్య, ముగింపు తేదీ తప్పు పడితే సేవ ఆగుతుంది. అందుకే మారడానికి ముందే ఆమోదపత్రం, ప్రస్తుత సేవల ప్లాను కాపీలు తీసి పెట్టుకోండి.

ఎవరూ చెప్పని మెలిక ఇంకొకటుంది. మీరు ఏ సంస్థ కిందికి వస్తారన్నది మీ మెడికెయిడ్ ఫైలు ఏ కౌంటీలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది. కేరీ నుంచి షార్లెట్ దగ్గరి యూనియన్ కౌంటీకి ఇల్లు మారి, సోషల్ సర్వీసెస్ ఆఫీసులో చిరునామా మార్చకపోతే మీరింకా అలయన్స్‌లోనే ఉంటారు. అక్కడి థెరపిస్టేమో పార్ట్‌నర్స్‌కు బిల్లు పంపుతుంటాడు.

సేవ తగ్గిస్తున్నట్టు నోటీసు వస్తే 60 రోజుల్లో ఆ సంస్థకే అప్పీలు చేయొచ్చు. పాత గంటలు అప్పటిదాకా కొనసాగాలంటే మాత్రం నోటీసు పంపిన 10 రోజుల్లోగా, లేదా కోత అమలయ్యే తేదీలోగా, రెండింటిలో ఏది తర్వాతైతే అప్పటికి అడగాలి. తీర్పుకు 30 రోజులు, అత్యవసరమైతే 72 గంటలు గడువు. అక్కడ ఓడితే రాష్ట్ర విచారణ కోరడానికి మరో 120 రోజులు ఉంటాయి.