ఉమ్మేసే మందుకి ఇంత రాద్ధాంతమా!

ఇవాళ పొద్దున అమ్మ మజ్జిగన్నం ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. ఉప్పు కూడా వెయ్యని మజ్జిగన్నం! నాలుక కింద చూస్తే తెల్లటి పుళ్ళు. పుక్కిలించే మందు సీసా తీసి చూశాను. దాదాపు నిండుగా ఉంది. పన్నెండు రోజులైంది తెచ్చి.

"స్టెరాయిడ్ అంట కదే, అత్తయ్య మానెయ్యమంది."

అత్తయ్య అంట! వీడియో కాల్‌లో సీసా చూసి "ఒళ్ళు ఉబ్బిపోతుంది వదినా, ఎముకలు గుల్లవుతాయి" అని చెప్పేసింది. అయిపోయింది, డాక్టరు గారి చదువంతా కృష్ణార్పణం.

అమ్మ వేసుకునేది ఎవెరోలిమస్, రొమ్ము క్యాన్సర్‌కి. ఇంట్లో అందరం కీమో మాత్ర అంటాం కానీ అసలు కీమో కాదు, సరే అది వేరే సంగతి. దాంతో నోరు పూస్తుంది. అందుకే పుళ్ళు రాకముందే, మాత్ర మొదలైన రోజు నుంచే డెక్సామెథసోన్ (అదే ఆ స్టెరాయిడ్) నీళ్ళు పుక్కిలించమన్నారు. రోజుకి నాలుగుసార్లు, 10 మిల్లీలీటర్లు, రెండు నిమిషాలు, ఆ తర్వాత ఉమ్మెయ్యడం. ఉమ్మెయ్యడం, అత్తయ్యా! మింగడం కాదు. గంటసేపు ఏమీ తినకూడదు, అంతే.

దీని మీద అధ్యయనం 2017లో లాన్సెట్ ఆంకాలజీ అనే వైద్య పత్రికలో వచ్చింది. ఎనిమిది వారాలు ఇలా పుక్కిలించిన 85 మందిలో తినడానికి ఇబ్బంది పెట్టేంత పుళ్ళు వచ్చింది 2 శాతానికే. అంతకు ముందు, ఈ పుక్కిలింత లేకుండా ఇదే మాత్ర వాడిన వాళ్ళలో 33 శాతం. అన్ని క్యాన్సర్ మందులకీ ఇదే మంత్రం కాదు, కొన్ని కీమోలకి మందు ఎక్కేటప్పుడు ఐసు ముక్కలు చప్పరించమంటారు. నోట్లో ఫంగస్ వస్తుందేమో చూసుకోవాలి, అది కూడా చెప్పారు. ఇవన్నీ నేను చెప్తే "గూగుల్ డాక్టర్".

మరి మీ మోకాలికి ఊళ్ళో ఆర్‌ఎంపీ పొడిచిన సూదిలో ఏముందనుకున్నారు, కొబ్బరి నీళ్ళా? "రెండు రోజుల్లో లేచి తిరిగాను, ఆయన చెయ్యి మంచిది" అని ఊరంతా చెప్పుకున్నారుగా! చెయ్యి కాదు అత్తయ్యా, స్టెరాయిడ్ మంచిది.

అమ్మకి ఆపరేషన్ అయినప్పుడు ఆసుపత్రికి రాలేదు. లక్ష్మణఫలం తింటే క్యాన్సర్ పోతుందని పదకొండు ఫార్వర్డులు మాత్రం వచ్చాయి. లెక్క పెట్టాను. పోనీ అదీ వదిలేద్దాం. మీ అమ్మాయి పెళ్ళిలో అమ్మ తలకి స్కార్ఫు కట్టుకుని అక్షింతలు పట్టుకుని నిలబడితే, "నువ్వు కూర్చో వదినా, అలిసిపోతావు" అని వెనక్కి పంపేశారు చూడండి, ఆ అలసట ఎవరిదో మాకు తెలీదనుకున్నారా? అమ్మ గుప్పిట్లో ఆ అక్షింతలు ఇంటికొచ్చేదాకా అలాగే ఉన్నాయి.

డాక్టరు గారికి ఫోన్ చేస్తే "పుక్కిలించడం లేదా?" అని ఒక్క మాట అడిగారు. నా దగ్గర జవాబు లేదు. మళ్ళీ మొదలుపెట్టమన్నారు.

ఇప్పుడే అత్తయ్య ఫోన్ మోగింది. అమ్మ నోటి నిండా మందు. రెండు నిమిషాలు ఎవరూ ఎత్తలేదు. ఉమ్మేశాక కూడా ఎత్తలేదు.