మన గ్రూపులన్నిటినీ హామ్ రేడియో మీదికి ఎక్కియ్యాలె

నల్లగొండ జిల్లాల ఫ్లోరైడ్ మీద కమిటీలు ఏసిన్రు, సాగర్ నీళ్ల మీద కమిటీలు ఏసిన్రు, వాట్సాప్ గ్రూపుల మీద మాత్రం ఇయ్యాల్టిదాక ఒక్క కమిటీ లేదు. ఇది చాలా పెద్ద నిర్లక్ష్యం అని నేను పూర్తి బాధ్యతతోని రాస్తున్న. ఒక్కో మనిషికి ఫ్యామిలీ గ్రూపు, కాలనీ గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు, గుడి కమిటీ గ్రూపు, ఆ గుడి కమిటీల లొల్లి అయినంక విడిపోయినోల్లు పెట్టుకున్న ఇంకో గ్రూపు, అన్నిట్ల ఉండేది గా నలుగురే, అన్నిట్ల వచ్చేది గదే ఫోటో. కాబట్టి నా ప్రతిపాదన ఏందంటే వీటన్నిటికి తాళం ఏసి, మన ఈమెయిళ్లు, గ్రూపు ముచ్చట్లు మొత్తం హామ్ రేడియో మీదికి, అంటే మామూలు మనుషులు సర్కారు లైసెన్సు తీసుకోని సొంత సెట్ల మీద మాట్లాడుకునే రేడియో మీదికి మార్చాలె. నవ్వకుండ్రి. మొత్తం చదివినంక నవ్వుకోండ్రి.

రేడియో మీద ఈమెయిల్ ఏంది, రేడియోల పాటలు గదా వచ్చేది అని అడిగెటోల్లకు జర వివరంగ చెప్తా. 1978ల కెనడాల మాంట్రియల్ హాములు, అంటే ఈ రేడియో నడిపేటోల్లు, కంప్యూటర్ అక్షరాలను ముక్కలు చేసి రేడియోల పంపిన్రు, దాన్ని ప్యాకెట్ రేడియో అంటరు. మన దేశంల మామూలు మనిషికి ఇంటర్నెట్ కనెక్షన్ ఇచ్చుడు మొదలైంది 1995 ఆగస్టు 15న. అంటే మనం డయలప్ మోడెం చప్పుడు వినకముందు పదిహేడేండ్ల కిందనే వాళ్లు ఆ పని షురూ చేసిన్రు. తర్వాత ఇండ్లల్ల ఒక కంప్యూటరు, ఒక రేడియో పెట్టుకోని బులెటిన్ బోర్డులు, అంటే ఉత్తరాల పెట్టెలు నడిపిన్రు, ఒకని ఉత్తరం ఇంకొకని పెట్టెలకు, ఆ పెట్టెల నుంచి పక్క ఊరి పెట్టెలకు చేతులు మారుకుంట పోతుండె, దూరం ఊరైతే ఇయ్యాల అడిగిన దానికి జవాబు ఎల్లుండి వస్తుండె. ఎల్లుండిదాక కోపం నిలవాలంటే మామూలు కోపం సాలదు. అయినా కొందరు నిలబెట్టుకున్నరు, లొల్లులు అక్కడ గూడ అయినయి, మనుషులే గదా.

పని చేసుడు ఎట్లంటే, మీరు రాసిన ముచ్చటను మోడెం 256 బైట్లకు మించకుండ ముక్కలు చేస్తది. తర్వాత వెంటనే పంపదు, ముందు వింటది. ఆ ఛానెల్ల ఇంకెవరన్న మాట్లాడుతున్నరా అని చూసి, ఖాళీ ఉంటేనే ఒక ముక్క ఇడుస్తది, అటు దిక్కు మోడెం అది మంచిగ వస్తే ముట్టింది అని చెప్తది, చెప్పకపోతే ఇది మల్ల పంపుతది, పాత మోడెంలల్ల లెక్క పదిసార్లకు పెట్టి ఉంటుండె, పదిసార్లు పంపినా జవాబు రాకపోతే కనెక్షన్ తెంపేసి మూసుకుంటది. మా పెద్దబాపు మెసేజీ పెట్టి, చూసినవా అని ఇంకో మెసేజీ పెట్టి, ఫోన్ చేసి చూసినవా అని అడిగి, ఇంటికొచ్చి ఫోన్ గుంజుకోని తానే ఓపెన్ చేసి చూపెడ్తడు. పదికి ఆగుడు అనేది ఆయన సాఫ్ట్‌వేర్ల లేదు.

ఇగ అసలు లాభం స్పీడుల ఉంది. దగ్గరి ఊర్లకు వాడే వీహెచ్ఎఫ్ రేడియో మీద ప్యాకెట్ మామూలు స్పీడు సెకనుకు 1200 బిట్లు, అంటే అంతా మంచిగ నడిస్తే సెకనుకు 150 బైట్లు. పొద్దుగాల వచ్చే సూర్యుడు, గులాబీ, చాయ్ కప్పు ఉన్న శుభోదయం ఫోటో తక్కువల తక్కువ 150 కిలోబైట్లు ఉంటది అనుకోండ్రి, అది ముట్టెటందుకు వెయ్యి సెకన్లు, దగ్గర దగ్గర 17 నిమిషాలు. ఆ 17 నిమిషాలు ఛానెల్ అంత ఆ గులాబీదే, ఇంకెవ్వరు నోరు తెరవరాదు. గ్రూపుల నలభై మంది ఉన్నరు, తలా ఒకటి పెడ్తే పొద్దుగాల ఆరింటికి మొదలైన శుభోదయాలు సాయంత్రం ఐదు దాటినంక అయిపోతయి, మల్ల శుభరాత్రి లైన్ల నిలబడి ఉంటది. దూరం పోయే షార్ట్‌వేవ్ మీద ప్యాకెట్ స్పీడు 300 బిట్లే, అక్కడ ఒక్క గులాబీకే గంట దాటుతది, నలభై గులాబీలు అంటే రెండు దినాలకు జర తక్కువ, శనివారం పొద్దుగాల షురూ అయిన హనుమంతుల్ల ఆఖరి ఆయన సోమవారం తెల్లారకముందు దిగుతడు. వీడియో లెక్క గూడ చేసిన గని రాస్తే బీపీలు లేస్తయని ఇడిసిపెట్టిన.

ఫోటో వద్దు, ఉత్త అక్షరాలే పంపుతం అంటరా, పంపుండ్రి. ఏపీఆర్ఎస్ అని ఇంకో పద్ధతి ఉంది, అండ్ల మెసేజీకి 67 అక్షరాలు హద్దు. ఇంగ్లీషుకు పర్వాలేదు, మన తెలుగు యూనికోడ్‌ల ఒక్కో గుర్తుకు మూడు బైట్లు తింటది, గుణింతం వేరే, సున్న వేరే, శుభోదయం అనే ఒక్క ముక్కకే 21 బైట్లు. మధ్యల ఖాళీలు కలుపుకోని 67ల మూడు శుభోదయాలు పడ్తయి, ఇంక రెండు బైట్లు మిగులుతయి. ఆ రెండింటిల చెయ్యెత్తి దండం పెట్టే బొమ్మ గూడ పట్టదు. పాత సెట్లయితే తెలుగును చూపెట్టనే చూపెట్టవు, గీతలు, ప్రశ్న గుర్తులు వస్తయి, దానికి గూడ మనోల్లు సూపర్ అని పెడ్తరని నాకు నమ్మకం ఉంది.

చట్టం ముచ్చటకు వస్తా, నా ప్రతిపాదనకు అసలు బలం అక్కడ్నే ఉంది. హామ్ రేడియో మీద వ్యాపారం చెయ్యొద్దు, పైసలు తీసుకోవద్దు. అర్థం కావద్దని రహస్య కోడ్ పెట్టి మాట్లాడొద్దు. ఎవరు మాట్లాడుతున్నరో కాల్‌సైన్, అంటే లైసెన్సుతోని వచ్చిన గుర్తు పేరు, చెప్పాలె, లాగ్‌బుక్ రాయాలె. దేశాలు దాటే ముచ్చటైతే మూడో మనిషి తరఫున మెసేజీ మోసుడు విపత్తులల్ల తప్ప కుదరదు. ఇగ అన్నిటికన్న గొప్పది, 2003ల మార్చేదాక అంతర్జాతీయ రేడియో నియమాలల్ల ఒక మాట ఉండె, హాములు మాట్లాడుకునేది సాంకేతిక ముచ్చటన్న కావాలె, లేకుంటే మామూలు టెలిఫోన్ దాక పోవుడు గూడ దండగ అనిపించేటంత అప్రధానమైన సొంత ముచ్చటన్న కావాలె అని. అంటే అప్పట్ల ముఖ్యమైనది మాట్లాడితే తప్పు, పనికిరానిది మాట్లాడితే రైటు. ప్రపంచ దేశాలన్ని ఒక్కదగ్గర కూసోని మా ఫ్యామిలీ గ్రూపును దృష్టిల పెట్టుకోని రాసినట్టే ఉంది.

కాని ఒక్కసారి ఈ జల్లెడల మా గ్రూపును పోసి చూద్దాం. చిట్యాల హైవే పక్కన ఓపెన్ ప్లాట్లు, ఈఎంఐ సౌకర్యం ఉంది అని బావ పెట్టేది వ్యాపారం, పాయె. చిట్టీ పాట ఎప్పుడు అని అడిగేది పైసల ముచ్చట, పాయె. వదిన మీద చిన్నమ్మ, చిన్నమ్మ మీద వదిన పర్సనల్ల పెట్టుకునేవి, ఈ మెసేజీ చూసి డిలీట్ కొట్టు అనేవి రహస్యం, పాయె, ఎందుకంటే రేడియోల పర్సనల్ లేదు, సెట్టు ఉన్న ప్రతోడు వింటడు, మిర్యాలగూడ రైస్ మిల్లుల గుమస్తా గూడ వినొచ్చు. డాలస్‌ల ఉన్న తమ్ముడికి ఎవరో డాక్టర్ చెప్పిండట అని ఫార్వర్డ్ కొట్టేది మూడో మనిషి ముచ్చట, పాయె. ఎవరు రాసిన్రో పేరు లేకుండ తిరిగే దేశభక్తి, మందులు, శాపాలు, ఈ మెసేజీ పదకొండు మందికి పంపకపోతే అనేవి కాల్‌సైన్ లేనందుకు మొత్తం పాయె. అడుగున మిగిలింది ఏందయ్య అంటే మేనత్త మోకాళ్ల నొప్పి, దేవరకొండల మొగులు అయ్యిందా, రాత్రి బస్సుకు వచ్చినోల్లు ఇంటికి చేరుకున్నరా. చట్టం అడిగిన సరుకు గిదే, రోజుకు మూడో నాలుగో మెసేజీలు.

ఇగ ఈమెయిల్ కోసం విన్‌లింక్ అని ఒకటి ఉంది, సముద్రంల పడవల మీద తిరిగే హాములు, తుఫాన్లల్ల పనిచేసేటోల్లు ఎక్కువ వాడతరు. షార్ట్‌వేవ్ మీద మెయిల్ పోయి ఒక గేట్‌వే స్టేషన్‌కు చేరితే అక్కడికెళ్లి ఇంటర్నెట్‌ల కలుస్తది. దాని గొప్పతనం స్పీడు గాదు, వాకిలి. మీరు ముందుగాల మెయిల్ పంపినోడో, మీరు లిస్టుల పెట్టుకున్నోడో అయితేనే వాని జవాబు లోపలికి వస్తది, బయటోడైతే సబ్జెక్టుల ఒక గుర్తు పెట్టాలె, అది తెల్వకపోతే వాకిట్ల నుంచే వాపస్. లోన్ అప్రూవ్ అయింది సార్ అనే ఆ ఆడపిల్ల గొంతు ఈ వాకిలి దాటి వచ్చే ముచ్చటే లేదు. నాకు మటుకు నోబెల్ శాంతి బహుమతి దీనికే ఇయ్యాలనిపిస్తది. హాములకు ఒక నోబెల్ ముందే ఉంది లేండి, జో టేలర్ అని 1993ల ఫిజిక్స్‌ల వచ్చింది, ఆయనే 2017ల ఇంకొకాయనతోని కలిసి ఎఫ్‌టీ8 అనే పద్ధతి తెచ్చిండు, సొంతంగ రాసే ముచ్చటైతే 15 సెకన్లకు ఒకసారి 13 అక్షరాలు మాత్రం పంపొచ్చు. నోబెల్ వచ్చినాయన 13 అక్షరాలతోని సరిపెట్టుకుంటుండు, మా బామ్మర్ది వాయిస్ మెసేజీ ఏడు నిమిషాలు.

అడ్మిన్లకు పరీక్ష తప్పదు. కేంద్రం టెలికం శాఖ పెట్టే ఆ పరీక్షల రేడియో సిద్ధాంతం ఒక భాగం, నియమాలు ఒక భాగం. కింది గ్రేడు పాసైతే వీయూ3తోని, జనరల్ గ్రేడు అయితే వీయూ2తోని మొదలయ్యే కాల్‌సైన్ ఇస్తరు, ఆ జనరల్ గ్రేడుకు ఏండ్లతరబడి మోర్స్ కోడ్ గూడ అడిగిన్రు, నిమిషానికి 8 పదాలు. ఇప్పుడున్న అడ్మిన్లు ఏ పరీక్ష పాసై అడ్మిన్లయిన్రో ఎవ్వరన్న చెప్తరా? గ్రూపు పుట్టిన రోజు ఫోన్ ఎవని చేతుల ఉంటే వాడే జీవితకాలం అధ్యక్షుడు.

భౌగోళిక సమస్యలు ఉన్నయి, దాచను. వీహెచ్ఎఫ్ అనేది కండ్లకు కనవడ్డంత దూరమే పోతది, జర ఎక్కువ. నల్లగొండ లతీఫ్ సాబ్ గుట్ట మీద ఒక రిపీటర్, అంటే విన్నది మల్ల పంపే సెట్టు, పెడ్తే టౌన్, పానగల్, చుట్టుపక్కల ఊర్లు అందుతయి గని పాలమూరు దాక పోవాలంటే నడుమ గుట్ట గుట్టకు ఒక సెట్టు పెట్టుకుంట పోవాలె. ఇంటి మీద యాంటెనా అయితే పెద్ద పనేం గాదు, 145 మెగాహెర్ట్జ్‌కు పావు అల అంటే దగ్గర దగ్గర అర మీటరు, ఉక్కు కొలత టేపును ముక్కలు కోసి పీవీసీ పైపుకు బిగించి గూడ హాములు యాంటెనా చేస్తరు. డాబా మీద అది లేవంగనే పక్కింటాయన గోడ మీదికెళ్లి తొంగి చూసి రేడియేషన్ వస్తదంట గదా అంటడు. ఆయన ఫోను రాత్రంత ఆయన దిండు కిందనే ఉంటది. దానికి జవాబు చెప్పొద్దు, కాల్‌సైన్ అడగాలె.

గ్రూపు చర్చ ఎట్లుంటదో గూడ చెప్పాలె, హాములు దాన్ని నెట్ అంటరు. టైం పెట్టుకోని అందరు ఒక్క ఛానెల్ మీదికి వస్తరు, కంట్రోల్ అని ఒకడుంటడు, వాడు పిలిస్తేనే మాట్లాడాలె. 

"పానగల్ మామా, వినవడ్తున్ననా, ఓవర్."

"వినవడ్తున్నవ్ అల్లుడా, కాని నిన్న మీ అత్త ఏమన్నదంటే..."

"మామా, ముందు కాల్‌సైన్."

మామకు కాల్‌సైన్ యాదికి రావాలె, వచ్చేసరికి అత్త ఏమన్నదో యాది మరవాలె, ఇదే వ్యవస్థ బలం. ఇద్దరు ఒక్కసారి బటన్ ఒత్తితే మాత్రం ఎవని మాట వినవడది, కుయ్యిమంటది, దానికి కొత్తగ అలవాటు పడేది మన టీవీ డిబేట్లు చూసెటోల్లకు ఏముంటది. హాముల సొంత ముచ్చట్లు ఏమన్న గొప్పయి అనుకునేరు, మీ సిగ్నల్ ఎట్లుంది, మీ సెట్టు ఏంది, మీ దిక్కు వాన ఉందా, గంతే. పోటీలల్ల అయితే మీ సిగ్నల్ ఐదు తొమ్మిది, బ్రహ్మాండం అనుకుంటనే, మీ కాల్‌సైన్ వినవడలేదు మల్ల చెప్పండి అంటరు. మనం పెండ్లి ఫోటో ఓపెన్ గూడ చెయ్యకుండ నైస్ పిక్ అన్నట్టు.

ఇన్ని నవ్వినా ఒక్కటి నవ్వులాట గాదు. 2004 డిసెంబర్ 26 సునామీకి అండమాన్ల ఫోన్లు చచ్చిపోతే, హైదరాబాద్‌ల ఉన్న నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున వేరే పని మీద పోర్ట్ బ్లెయిర్ పోయి ఉన్న భారతి ప్రసాద్, ఆమె టీం హామ్ సెట్ల మీదనే మనుషుల క్షేమం ముచ్చట్లు చేరేసిన్రు. సెట్ల మీద పోయింది ఫలానాయన బతికే ఉన్నడు, ఇంట్ల చెప్పండి అసొంటి చిన్న ముక్కలు. మా గ్రూపు చేతికి ఆ ఛానెల్ ఇస్తే అదే రోజు ఎవడో ఒకడు నాసా తీసిన సునామీ ఫోటో అని ఏ సినిమాదో పెట్టేటోడు, 17 నిమిషాలు దానికే పోయేటివి. అందుకే పరీక్ష అంటున్న.

ఈ పథకంల నాకు కనవడ్డ లోపం ఒక్కటే, అలిగి గ్రూపు నుంచి వెళ్లిపోవుడు ఇండ్ల లేదు. వాట్సాప్‌ల చిన్నాయన లెఫ్ట్ అని వస్తే నలుగురు ఫోన్లు చేస్తరు, బతిమాలుతరు, మల్ల యాడ్ చేస్తరు. రేడియో బంద్ చేస్తే బంద్ చేసినట్టు ఎవ్వనికి తెల్వదు, అలిగినట్టు తెల్వకపోతే అలిగి ఏం ఫాయిదా. దీనికి గూడ ఆలోచన చేసిన. హాములు స్టేషన్ మూసేటప్పుడు క్యూఆర్‌టీ అంటరు, కాబట్టి పెండ్లి కార్డుల పేరు రాలేదని చిన్నాయన అలిగితే, కంట్రోల్ పర్మిషన్ తీసుకోని, కాల్‌సైన్ చెప్పి, కారణం 67 అక్షరాలకు మించకుండ చెప్పి, మూడుసార్లు క్యూఆర్‌టీ అని, బటన్ ఇడిసిపెట్టి, ఎవరన్న బతిమాలుతరేమో అని ఇంకో పది నిమిషాలు సెట్టు ఆన్‌ల ఉంచి వినుకుంట కూసోవాలె. ఆ పది నిమిషాలల్ల శుభోదయం ఫోటో ఎవ్వరు పంపొద్దు.