కార్సెట్ వదులైంది

నిన్నటి నుంచి మా అత్తగారు నాతో మాట్లాడేటప్పుడు నా మొహం కాకుండా నడుము చూస్తున్నారు. మా ఆవిడైతే వంటింట్లోకి వెళ్లి నవ్వుకుని వస్తోంది.

నాకు పాత ఫ్యాషన్ ఫోటోల ప్రింట్లు పోగేసే పిచ్చి ఉంది. స్టైకెన్, పెన్, అవెడాన్ అంటూ పేరున్న ఫోటోగ్రాఫర్లని ఒక్కొక్కళ్లనీ గోడకెక్కిస్తూ వచ్చాను. ఈసారి వంతు హార్స్ట్ పి. హార్స్ట్ 1939లో పారిస్‌లో తీసిన ‘మెయిన్‌బోషే కార్సెట్’ది. మెయిన్‌బోషే అంటే ఆ కార్సెట్ డిజైనరు, కార్సెట్ అంటే ఆడవాళ్లు నడుము సన్నగా కనపడాలని లేసులతో బిగించి కట్టుకునే లోదుస్తు. ఒకావిడ మనకి వీపు పెట్టి, తల వంచుకుని కూర్చుని ఉంటుంది. వెనకాల కార్సెట్ లేసులు విప్పీ విప్పనట్టు ఉంటాయి, ఒకటి గట్టు అంచు మీంచి జారి వేలాడుతుంది. యుద్ధం ముంచుకొస్తున్న రోజులు. హార్స్ట్ ఈ ఫోటో తీసేసి, తెల్లవారుజామున నాలుగింటికి స్టూడియోలోంచి బయటపడి, రైలెక్కి, ఓడెక్కి పారిస్ వదిలి వెళ్లిపోయాడు. అది తెలిశాక ఆ వేలాడే లేసు దగ్గర చూపు ఆగిపోతుంది.

ప్రింటు చుట్టిపెట్టిన ట్యూబు వచ్చింది. తెల్ల కాటన్ గ్లవ్స్ తొడుక్కుని ప్రింటు విప్పి, నాలుగు మూలలా బరువులు పెట్టాను. మార్జిన్‌లో ఎడిషన్ నంబరు ఉంది, సర్టిఫికెట్ ఉంది. కార్సెట్ మాత్రం ఒక పక్క ఒంటికి అంటుకోలేదు. ఖాళీ! అప్పట్లో వోగ్ ఫ్యాషన్ పత్రికలో అచ్చయిన పేజీ కాపీ నా దగ్గరుంటే తీసి పక్కన పెట్టాను. అందులో బిగుతుగా, పోత పోసినట్టుంది. ఇంకేముంది, దొంగ ప్రింటు అంటగట్టారని తేల్చేశాను. చేతిలో భూతద్దం ఉన్నవాడి ధీమా అలాంటిది.

ఫిర్యాదు పెట్టబోతే కారణం మనం రాయకూడదట. వాళ్లిచ్చిన నాలుగింట్లో ఒకటి నొక్కాలట. పగిలింది, రంగు తేడా, వేరే వస్తువు వచ్చింది, సైజు తేడా. మనిషి కష్టాలన్నీ ఈ నాలుగింట్లో ఇమిడిపోతాయని కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఒక్కసారి చూడాలనుంది. ప్రింటు పగల్లేదు. నలుపు తెలుపులో రంగు తేడా ఏముంటుంది? పోనీలే అని ‘సైజు తేడా’ నొక్కాను.

పది నిమిషాల్లో ఫోను. గ్లవ్స్ వేలికి స్క్రీను పలకదు కాబట్టి ముక్కుతో నొక్కాను. స్పీకరు కూడా ఆన్ అయింది.

“సార్, కార్సెట్ గురించి కంప్లయింట్ పెట్టారు.”

“అవునండీ, ఒక పక్క వదులుగా ఉంది.”

“వేసుకున్నాక వదులైందా సార్, ముందే వదులుగా ఉందా?”

బుద్ధున్నవాడికి ఇక్కడే వెలగాలి. నా బుర్రలో ఉన్నది ఫ్రేము. ఫ్రేము వేయించాక గమనించానా, ముందే గమనించానా అని అడుగుతున్నాడనుకున్నాను. పైగా, అంత వివరంగా అడుగుతున్నాడంటే పనితెలిసిన మనిషే అని లోలోపల మెచ్చుకున్నాను కూడా.

“ఇంకా వేయించలేదండీ. గాజు వెనక నల్ల బోర్డరు పెట్టించి ఆదివారం వేయిద్దామని.”

అటువైపు కాసేపు మాట లేదు.

“కొలత చెప్తారా సార్?”

“పదహారు ఇంటూ ఇరవై అంగుళాలు. మార్జిన్ కాకుండా.”

“నడుము కొలత సార్.”

“ఎవరిది?”

“మీదే సార్.”

హాల్లో టీవీ సౌండు ఠక్కున తగ్గింది. వివరించే తొందరలో నా గొంతు పెరిగింది.

“నాకు కాదండీ! ఆవిడకి వదులైంది!”

“ఏ ఆవిడకి?” అన్నది ఫోనులోంచి కాదు, గుమ్మంలోంచి.

తెల్ల గ్లవ్స్‌తో, భూతద్దంతో, బల్ల మీద పరిచిన ఒకావిడ వీపు మీదికి వంగి ఉన్నాను.

రాత్రి ఈ ఫోటో గురించి తీరిగ్గా చదివితే తేలింది. అసలు ఫోటోలో ఆ ఖాళీ ఉంది. వోగ్ పత్రికవాళ్లే అచ్చుకి ముందు రీటచ్ చేసి బిగించారు. నాకొచ్చిన ప్రింటు సరైనదే. ఇన్నేళ్లుగా పోగేస్తున్నవాణ్ణి, కొనేముందు ఆ ఒక్క పేజీ చదివితే ఏం పోయేది?

ఫిర్యాదు వెనక్కి తీసుకోబోతే దానికీ కారణాల చిట్టా. డబ్బు తిరిగొచ్చింది, మార్చి పంపారు, ఇప్పుడు సరిపోయింది. మూడోది నొక్కి పడుకున్నాను.

పొద్దున్న మెయిల్ వచ్చింది: “కార్సెట్ మీకు చక్కగా సరిపోయినందుకు సంతోషం సార్. వేసుకుని దిగిన ఫోటో ఒకటి పంపగలరు.”

నా మెయిల్ ఇంట్లో అందరూ వాడే ట్యాబ్‌లో తెరిచే ఉంటుంది. ఆ ట్యాబ్ ఇప్పుడు అత్తగారి చేతిలో ఉంది.