"డెవలపర్లు దాచిన 7 నిజాలు" అట, పంపిన వాళ్ళందరికీ కలిపి ఒకటే జవాబు

ఈ నెలలో ఇది పదకొండోసారి. డిగ్రీ బ్యాచ్ గ్రూపులో ఒకడు, అపార్ట్‌మెంట్ గ్రూపులో ఒకాయన, చివరికి నేను సైట్ చూసుకునే కస్టమరే ఒకాయన, అందరూ అదే మెసేజ్. "వెబ్‌సైట్ ఉన్న ప్రతి ఒక్కరూ చదవాలి! డెవలపర్లు మీ నుంచి దాచిన 7 నిజాలు" అని మొదలై చివర్లో మూడు దండాల బొమ్మలు. కస్టమర్ అయితే దాని కింద "ఇది నిజమేనా అన్నా?" అని కూడా పెట్టాడు. అంటే "నువ్వూ ఇట్లనే చేస్తున్నావా" అని మొహమాటంగా అడగడం. అనంతపురంలో కూర్చుని పాతిక ముప్పై చిన్న సైట్లు చూసుకుంటూ బతికేవాణ్ణి, నెలనెలా మెయింటెనెన్స్ డబ్బులు తీసుకునేవాణ్ణి, కాబట్టి నాకేమీ స్వార్థం లేదని చెప్పను. అయినా చదవండి.

మొదటి నిజమట: "అడ్రస్ పక్కన తాళం గుర్తు ఉంటే మీ సైట్ సేఫ్, ఇంకే సెక్యూరిటీ అక్కర్లేదు." ఆ తాళం చెప్పేది ఒక్కటే, చూసేవాళ్ళ ఫోన్‌కూ సైట్ ఉండే సర్వర్‌కూ మధ్య నడిచేదాన్ని దారిలో ఎవరూ చదవలేరని. సర్వర్ లోపలే దొంగ కూర్చుని ఉంటే మీ కస్టమర్ వివరాలు వాడి చేతికి కూడా అంతే భద్రంగా చేరతాయి. జనం దీన్ని ఇట్లనే తప్పుగా అర్థం చేసుకుంటున్నారని గూగుల్ వాళ్ళు 2023లో క్రోమ్ నుంచి ఆ తాళం బొమ్మనే తీసేశారు. మరి ఈ మెసేజ్ రాసిన పెద్దమనిషి ఏ తాళం చూస్తున్నాడో. అయితే "సర్టిఫికెట్ పేరు చెప్పి ఏటా వేలు గుంజుతున్నారు" అన్న ముక్క మాత్రం కరెక్టే. సైట్‌కు ఆ భద్రత ఇచ్చే సర్టిఫికెట్‌ను లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ 2015 చివరి నుంచి ఉచితంగా ఇస్తోంది, చీరల కొట్టుకు, ట్యూషన్ సెంటర్‌కు అది చాలు.

రెండోది: "చిన్న సైట్లను హ్యాకర్లు పట్టించుకోరు." మీరు సర్టిఫికెట్ తీసుకున్న వెంటనే మీ సైట్ పేరు అందరూ చూడగలిగే లాగ్‌లలోకి, అంటే చిట్టాల్లోకి ఎక్కుతుంది. ఆ లాగ్‌లను చూస్తూ కూర్చునేది మనుషులు కాదు, బాట్లు, అంటే తమంతట తామే తిరిగే ప్రోగ్రాములు. పోయిన ఏడాది పచ్చళ్ళు అమ్మే ఆవిడకు సైట్ పెట్టిచ్చాను, మొదటి ఆర్డర్ ఇంకా రాలేదు, ఆ రోజు సాయంత్రానికే లాగిన్ పేజీ మీద పాస్‌వర్డ్ ప్రయత్నాలు వందల్లో ఉన్నాయి. గిరాకీ కంటే ముందు దొంగలు వచ్చారన్నమాట. మీ దగ్గర దోచుకోవడానికి ఏముందని కాదు, స్పామ్ మెయిళ్ళు పంపుకోవడానికి, దొంగ లింకులు పెట్టుకోవడానికి వాళ్ళకు మీ ఇంటి అరుగు కావాలి. అరుగు చిన్నదా పెద్దదా అని ఎవరు చూస్తారు?

మూడోది: "కాంటాక్ట్ ఫామ్‌కు స్పామ్ ఎక్కువ వస్తోందంటే మీ సైట్ పాపులర్ అయినట్టే." అట్లయితే ఈగలు ఎక్కువ ముసిరే హోటలే ఊర్లో మంచి హోటల్. ఫామ్‌లో మనిషికి కనపడని గడి ఒకటి పెడితే బాట్ దాన్ని కూడా నింపేస్తుంది, అది నిండిన మెసేజ్‌లను పారేస్తే సగం పీడ వదులుతుంది. దీనికి ఇంతకంటే టైమ్ ఇవ్వను.

నాలుగోది: "అప్‌డేట్ చేస్తే సైట్ చెడిపోతుంది, చేయకండి." చెడిపోతుంది, ఒక్కోసారి. నాకూ చెడిపోయింది. అందుకే ముందు బ్యాకప్ తీసి ఆ తర్వాత చేస్తాం. అప్‌డేట్ విడుదలైందంటే పాత దాంట్లో కన్నం ఎక్కడుందో లోకానికంతా తెలిసిపోయినట్టే, పాత కోడ్, కొత్త కోడ్ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు. ఇంక మీరు వేయకుండా కూర్చుంటే ఆ కన్నం మీ ఒక్కరికే మిగులుతుంది. అన్నట్టు చిన్న సెక్యూరిటీ అప్‌డేట్లను సైట్లు కట్టే సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ 2013 నుంచే తనంతట తానే వేసుకుంటోంది. పనిగట్టుకుని దాన్ని ఆపించిన మహానుభావులను కూడా చూశాను.

ఇప్పుడు ఐదోది. నాకు నిజంగా ఒళ్ళు మండింది ఇక్కడే. "వేల రూపాయల ప్రీమియం థీమ్‌లు, ప్లగిన్‌లు ఈ లింక్‌లో పూర్తిగా ఉచితం. ఇది దొంగతనం కాదు, చట్టబద్ధం." థీమ్ అంటే సైట్‌కు వేసే రూపు, ప్లగిన్ అంటే దానికి తగిలించే అదనపు సౌకర్యం. పైగా కింద లింక్. మిగతా ఆరు నిజాలూ ఈ లింక్ కోసమే రాశారని నా అనుమానం.

ధర్మవరంలో పట్టుచీరలు అమ్మే ఒకాయన ఉన్నాడు, మగ్గాల కుటుంబం. మేనల్లుడు ఇట్లాంటి లింక్ నుంచే నల్డ్ థీమ్, అంటే లైసెన్స్ తాళం పగలగొట్టిన ప్రీమియం థీమ్ దించి సైట్ చేసిచ్చాడు. చూడడానికి చాలా బాగుంది, ఆ మాట ఒప్పుకోవాలి. మాఘమాసం వచ్చింది, పెళ్ళిళ్ళ సీజన్, సైట్ చూసి ఫోన్ చేసేవాళ్ళు ఒక్కసారిగా తగ్గిపోయారు. ఆయన రోజూ ఫోన్‌లో అడ్రస్ కొట్టి చూసుకుంటాడు, చీరలన్నీ చక్కగా కనపడతాయి. చివరికి బెంగళూరు నుంచి పాత కస్టమర్ ఒకావిడ ఫోన్ చేసి "ఏమన్నా, చీరలు మానేసి పేకాట పెట్టినారా?" అని అడిగింది. ఆయనకు కోపం వచ్చింది. నాకు ఫోన్ చేసి "నాకు బాగానే వస్తోంది కదప్పా, ఆమెకేమన్నా పిచ్చా?" అన్నాడు.

ఆమెకు పిచ్చి లేదు. థీమ్‌లో దాక్కున్న కోడ్ వచ్చినవాళ్ళు ఎటునుంచి వచ్చారో చూస్తుంది. అడ్రస్ నేరుగా కొట్టి వచ్చినా, అడ్మిన్‌గా లాగిన్ అయి ఉన్నా అసలు సైట్ చూపిస్తుంది. గూగుల్‌లో వెతికి వస్తే బెట్టింగ్ సైట్‌కు తోసేస్తుంది. అంటే యజమానికి తప్ప అందరికీ కనపడే దొంగతనం. గూగుల్‌లో ఆయన సైట్ పేజీలు వెతికి చూపిస్తే వరసగా జపనీస్ అక్షరాలు, ఆయన ఎన్నడూ పెట్టని వేల పేజీలు. ఈ రోగం ఎంత మామూలైపోయిందంటే గూగుల్ దీనికి జపనీస్ కీవర్డ్ హ్యాక్ అని పేరు పెట్టి, ఎట్లా శుభ్రం చేసుకోవాలో సొంతంగా ఒక పాఠమే రాసి పెట్టింది.

ఆ థీమ్ తీసేశాను, మర్నాటికి మళ్ళీ వచ్చింది. వాడకుండా పక్కన పడేసిన పాత థీమ్ ఫైళ్ళలో కూడా అదే కోడ్ దూరి ఉంది. పైగా ఎవరూ చేయని అడ్మిన్ అకౌంట్ ఒకటి. అదే హోస్టింగ్ అకౌంట్‌లో, అంటే సైట్లు పెట్టుకోవడానికి అద్దెకు తీసుకున్న చోట్లో ఉన్న ఆయన తమ్ముడి సైట్‌కు కూడా అంటుకుంది. డబ్ల్యూపీ-వీసీడీ అనే మాల్‌వేర్ (హాని చేసే కోడ్) సరిగ్గా ఇదే పని చేస్తుంది. 2019 నవంబరులో వర్డ్‌ప్రెస్ సైట్ల సెక్యూరిటీ చూసే వర్డ్‌ఫెన్స్ వాళ్ళు దాని మీద పెద్ద నివేదిక రాశారు. అందులో నన్ను ఆశ్చర్యపరిచింది ఒకటుంది, ఉచిత థీమ్‌లు పంచే సైట్లను గూగుల్‌లో పైకి లేపడానికి ఈ ముఠా వాడుకున్నది ఇప్పటికే పాడుచేసిన సైట్లనేనట. అంటే మీ కొట్టుకు కన్నం వేసి, మీ గోడ మీదే వాళ్ళ బోర్డు తగిలించి, దాన్ని చూసి వచ్చినవాడి కొట్టుకు కూడా కన్నం వేస్తారు.

చట్టబద్ధం అన్న మాట పూర్తిగా అబద్ధం కాదు, అది నేను ఒప్పుకుంటాను. వర్డ్‌ప్రెస్‌ది జీపీఎల్ అనే, కోడ్‌ను ఎవరైనా వాడుకుని పంచుకోవచ్చనే లైసెన్స్, దాని మీద రాసిన థీమ్‌ల కోడ్ చాలావరకు అదే లైసెన్స్‌తో వస్తుంది, కొన్నవాడు పక్కవాడికి పంచుకోవచ్చు. సరే. చట్టం కాదనలేదని బస్టాండ్‌లో ముక్కూమొహం తెలియనివాడు ఇచ్చిన లడ్డు తింటామా? డబ్బులు పెట్టలేకపోతే వర్డ్‌ప్రెస్ సొంత డైరెక్టరీలోనే వేల ఉచిత థీమ్‌లు ఉన్నాయి, అక్కడ నుంచి దించుకోండి. ఆ లింక్ మాత్రం ఇంకెవరికీ పంపకండి. ఇప్పటికే పంపినవాళ్ళు డిలీట్ చేయండి, నాకు జవాబు రాయకపోయినా ఫర్వాలేదు.

ఆరోది: "99 రూపాయలకే అన్‌లిమిటెడ్ హోస్టింగ్ దొరుకుతుంది, బ్యాకప్ కూడా వాళ్ళే చూసుకుంటారు." అన్‌లిమిటెడ్ స్థలం అంటారు, ఫైళ్ళు ఇన్ని మించకూడదని, ప్రాసెసర్ ఇంతకంటే వాడకూడదని కింద చిన్న అక్షరాల్లో ఉంటుంది. పండగ ఆఫర్ పెట్టి జనం ఎగబడిన రోజే సైట్ ఆగిపోయేది అందుకే. ఆ 99 మొదటి ఏడాదికి, రెన్యువల్ ధర చూశాక ఫోన్ చేయండి. బ్యాకప్ సంగతంటారా, 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి కాలిపోయింది. అసలూ బ్యాకప్పూ అక్కడే పెట్టుకున్న వాళ్ళలో కొందరికి రెండూ పోయాయి. యూరప్‌లోని అంత పెద్ద కంపెనీకే ఆ గతి పడితే, మీ 99 రూపాయల వాడు మీ కోసం ఏం దాచి పెడతాడు? వారానికో కాపీ మీ కంప్యూటర్‌లోకి దించుకోండి.

చివరిది: "డెవలపర్లు డొమైన్‌ను తమ పేరు మీద పెట్టుకుని మిమ్మల్ని గుప్పిట్లో పెట్టుకుంటారు."

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే నిజం. డొమైన్, అంటే మీ సైట్ అడ్రస్ పేరు, ఎవరి మెయిల్ ఐడీతో రిజిస్టర్ అయి ఉంటే పెత్తనం వాళ్ళదే, మీరు డబ్బులు కట్టిన రసీదు ఎంత చూపించినా. మొదట్లో నేనూ అట్లనే చేశాను. గుప్పిట్లో పెట్టుకోవాలని కాదు, కస్టమర్‌కు ఓటీపీ కోసం మూడుసార్లు ఫోన్ చేయడం కంటే నా అకౌంట్‌లో కొనడం తేలికని. కారణం ఏదైతేనేం, రేపు నాకేమన్నా అయితే వాళ్ళ కొట్ల పేర్లన్నీ నా మెయిల్‌లో ఇరుక్కుపోయేవి. ఈ మెసేజ్ ఆరోసారి వచ్చినప్పుడు లెక్క చూస్తే నా పేరు మీద ఇంకా తొమ్మిది ఉన్నాయి. ఎనిమిది మార్చేశాను. మిగిలింది సుభాష్ రోడ్డులో స్టీలు సామాన్ల కొట్టు పెద్దాయనది. ఆయనకు మెయిల్ ఐడీ లేదు, కొడుకు తిరుపతి నుంచి వచ్చినప్పుడు చేయిస్తానన్నాడు.